గ్లటనీ, సర్ఫీట్, ఎక్సెస్: అతిభోజనమును దెలుపు ఆంగ్లపదముల చరిత్ర

ఆంగ్లభాషలో మితిమీరి తినుటను దెలుపు పదములకు కొదువలేదు. గ్లటనీ, సర్ఫీట్, ఎక్సెస్, సటైయిటీ, గార్జ్, గ్లట్, ఓవరీటింగ్ మొదలగునవి నిఘంటువులలో ఒకదాని కొకటి యర్థముగా నిలుచుచున్నవి. మన విద్యార్థులకును అనువాదకులకును ఇవి యెదురైనపుడు అన్నిటికిని 'అతిభోజనము' అని వ్రాసి ముందునకు సాగుట తఱుచు. అట్లు వ్రాసిన దోషమేమి యని యడుగవచ్చును. తిన్నది యెక్కువ యనుటయే గదా వీని భావము! మాకు తోచినది వేఱు. ఈ పదములలోని భేదము తిండి కొలతను బట్టి వచ్చినది కాదు. ఆ తిండిని విమర్శించిన యధికారిని బట్టి వచ్చినది. ఒక మాటను మఠమునందలి గురువు పెంచెను. మఱియొకదానిని వైద్యుడును, వేఱొకదానిని శాసనకర్తయు, ఇంకొకదానిని వర్తకుడును పెంచిరి. ఆ యధికారిని గుర్తింపక పదము నెన్నుకొన్నచో చరిత్రయే మాఱిపోవును.

ఇంగ్లండు రాజగు మొదటి హెన్రీ మరణవృత్తాంతము ఇందుకు చక్కని తార్కాణము. ఆయన 1135 డిసెంబరు 1వ తేదీన నార్మండీలోని లియోన్ లా ఫొరే యను చోట మరణించెను. 'సర్ఫీట్ ఆఫ్ లాంప్రేస్' వలన మరణించెనని ఆంగ్లేయుల లోకోక్తి. లాంప్రే యనునది పాముచేపను బోలిన జలచరము. దానికి దవడలు లేవు. గుండ్రని నోటితో ఇతర మత్స్యములను పట్టి రక్తము పీల్చును. చూపునకు రోతగా నున్నను మధ్యయుగమున నది రాజుల విందులలో మేలైన వంటకము. గ్లౌస్టరు నగరమువారు ఏటేట క్రిస్మసునకు రాజునకు లాంప్రే చేపతో చేసిన పై పంపు ఆచారము 1836 వఱకు సాగెను. పిదప నది విశేషోత్సవములకు మాత్రమే మిగిలెను. 2012లో రెండవ ఎలిజబెత్తు రాణి వజ్రోత్సవమునకు ఆ పై చేయుటకు ఇంగ్లండులో చేపలు చాలక ఉత్తర అమెరికా మహాసరస్సులనుండి తెప్పించిరి.

పై లోకోక్తిని వినగానే మన మనస్సున గోచరించు రూపమేమి? నిండు పళ్ళెము ముందు కూర్చుండి, చేప వెంట చేపను మ్రింగి, కడుపు పగిలి చచ్చిన రాజు. కాని యీ కథకు మూలమైన హంటింగ్డన్ హెన్రీ తన లాటిను గ్రంథమున వ్రాసినది యిది కాదు. ఆయన ఆర్చిడీకను; రాజునకు సమకాలికుడు. ఆయన చెప్పినవి మూడే సంగతులు. లాంప్రేలు రాజునకు ఎన్నడును పడెడివి కావు. అయినను ఆయనకు వానిపై మక్కువ. వైద్యుడు వలదన్నను వినక తినెను. ఎన్ని తినెనో, ఎంత తినెనో అందు లేదు. తప్పు పరిమాణమున లేదు. వైద్యుని యాజ్ఞను మీఱుటలో నున్నది. ఇక ఆర్డరిక్ విటాలిస్ అను మఱియొక సమకాలికుడు, రాజు వేటకై నవంబరు 25వ తేదీన అచ్చటికి వచ్చి, ఆ రాత్రియే జబ్బుపడెనని మాత్రము వ్రాసెను. ఆయన కథలో లాంప్రే ప్రసక్తియే లేదు.

మఱి 'సర్ఫీట్' ఎట్లు చేరెను? ఈ పదము ప్రాచీన ఫ్రెంచి నుండి వచ్చినది. 'సుర్' అనగా మీద, పైగా. 'ఫేర్' అనగా చేయుట. చేయదగినదానికి మించి చేయుట యని మొదటి యర్థము. తిండికే ఇది పరిమితము కాదు. ఏ మేర తప్పిన చేతయైనను సర్ఫీట్ అనిపించుకొనెడిది. క్రమముగా నది భోజనపానముల యందు రూఢమై, ఆపైని ఆ భోజనము వలన కలిగిన వ్యాధికే పేరయ్యెను. కారణమును దెలుపు పదము కార్యమునకు సంక్రమించుట మన లక్షణకారులకు క్రొత్త కాదు. 1516లో అచ్చైన రాబర్ట్ ఫేబియన్ చరిత్రలో హెన్రీ మరణమునకు రెండు కారణములు చెప్పబడినవి. గుఱ్ఱముపైనుండి పడుట యొకటి. లాంప్రే తినుటచే సర్ఫీట్ కలుగుట రెండవది. ఇచట లాంప్రే యేకవచనమున నున్నదని పాఠకులు గమనింపవలెను. ఒక్క చేపను తిన్నవానికిని సర్ఫీట్ కలుగవచ్చునన్నచో ఆ పదము వ్యాధినామమే గాని లెక్క కాదు.

ఈ వ్యాధ్యర్థము కవుల చమత్కారము కాదు, వ్యవహారములోనిది. 17వ శతాబ్దిలో లండను నగరమున వారము వారము ప్రకటించుచు వచ్చిన మరణపట్టికలలో జ్వరము, మశూచికము, క్షయ మున్నగువాని నడుమ సర్ఫీట్ ఒక మరణకారణముగా కాన్పించును. ఆ పట్టికలను పరిశీలించి 1662లో జాన్ గ్రాంట్ ప్రకటించిన గ్రంథమునను దానికొక పంక్తి కలదు. ఆ గ్రంథముననే ఆకలిచే మరణించినవారికిని వేఱొక పంక్తి కలదు. ఆ రెండును ఒక్క కాగితముపై నుండుట చూచువారికి ఆ నగరము కొంత తెలియగలదు. గృహవైద్యమున నాడు 'సర్ఫీట్ వాటర్' అను కషాయము వాడుకలో నుండెడిది. దానిని ఎఱ్ఱని గసగసాల పూరేకులతో కాచెడివారు. షేక్స్‌పియరు 'ట్వెల్ఫ్త్ నైట్' నాటకారంభమున డ్యూకు సంగీతమును గూర్చి పలుకుచు ఎక్సెస్, సర్ఫీట్ అను రెండు పదములను ఒకే ఊపిరిలో వాడును. పర్యాయపదములని తలచువారు అక్కడ పునరుక్తి దోషము చూతురు. నిజమునకు అందు మొదటిది కారణము, రెండవది ఫలము. మితి మీఱి వినిపించుడు, దానిచే రోగము పుట్టి ఆకలియే చచ్చుగాక యని యాతని కోరిక.

తరువాతి శతాబ్దులలో వైద్యులు ఈ మాటను విడిచిరి. వ్యాధ్యర్థము సడలి పరిమాణార్థమొక్కటియే లోకమున నిలిచెను. 1941లో ఎన్గాయో మార్ష్ తన అపరాధ పరిశోధక నవలకు 'సర్ఫీట్ ఆఫ్ లాంప్రేస్' అని పేరు పెట్టినపుడు లాంప్రే యనునది ఒక కుటుంబము యింటిపేరు. ఆ యింటివారు మఱీ యెక్కువమంది యనుటయే అందలి చమత్కారము. పాతవాక్యమును క్రొత్తయర్థముతో చదివిరి. వైద్యుని మాట వినని రోగి కాస్త తిండిబోతు రాజయ్యెను.

ఇప్పుడు తెలుగు వాక్యమునకు వత్తము. 'లాంప్రేలను మితిమీఱి తిని మరణించెను' అని వ్రాసినచో మూలమునకు అపచారము చేసినట్లే. హంటింగ్డన్ హెన్రీ చెప్పిన దోషమునకు తెలుగులో నిక్కమైన మాట యున్నది. అది అపథ్యము. ఆంగ్లేయులు నేడు దీనిని ఒక్క పదమున చెప్పజాలరు. మన పల్లెలోని ముసలమ్మ చెప్పగలదు.

దీనికి ప్రక్కగా జాను రాజు మరణమును నిలిపి చూడవలెను. ఈయన 1216 అక్టోబరున నూవర్క్ కోటలో విరేచనవ్యాధిచే మరణించెను. సెయింట్ ఆల్బన్స్ మఠమునందలి రోజర్ ఆఫ్ వెండోవర్ అను సన్న్యాసి, రాజు జ్వరముతో నుండియు పీచిపండ్లను తిని క్రొత్త సైడరును త్రాగి రోగమును ముదురజేసికొనెనని వ్రాసెను. చేసిన పని హెన్రీ చేసినట్టిదే. కూడని వేళ కూడని వస్తువు తినుట. కాని వెండోవర్ దీనిని గ్లటనీగా, పాపముగా నిందించినాడు. జానునకును ధర్మపీఠమునకును జరిగిన కలహము తెలిసినవారికి ఆ నిందలో ఆశ్చర్యము లేదు. ఇక్కడ 'అపథ్యము' అనిన చాలదు, 'తిండిబోతుతనము' అనవలసినదే. ఒకే చేతకు రెండు పదములు వచ్చుటకు కారణము కలము పట్టిన చేతులు రెండగుట.

గ్లటనీ పుట్టుక కంఠమునుండి. లాటినులో 'గులా' గొంతు, 'గ్లుటీరె' మ్రింగుట. నార్మనులు రాకముందు ఆంగ్లేయులకు దీనికి తమదైన మాట 'గీఫెర్నెస్' ఉండెడిది. మఠగ్రంథములలో పాపముల పట్టికయందు అదియే కాన్పించును. ఫ్రెంచి మాట వచ్చి దానిని త్రోసివేసెను. నాల్గవ శతాబ్దిలో ఎవాగ్రియస్ అను తపస్వి మానవుని బాధించు ఎనిమిది దుష్టచింతలను చెప్పుచు మొదటిదిగా దీనినే పేర్కొనెను. ఎడారిలో ఉపవసించువానికి ముందుగా పట్టుకొను శత్రువు ఇదియే గదా. ఆరవ శతాబ్దాంతమున పోపు గ్రెగరీ ఆ పట్టికను ఏడు ప్రధాన దోషములుగా మార్చి, గులాదోషము ఐదు విధములుగా నుండుననెను. వేళకు ముందే తినుట, ఖరీదైన భోజ్యములను కోరుట, వంటలో అతి నాజూకును కోరుట, పరిమాణము మీఱుట, ఆత్రముతో మ్రింగుట. ఐదింటిలో పరిమాణమునకు సంబంధించినది ఒక్కటియే! చాలీచాలని గంజిని ఆబగా త్రాగిన బీదవాడును ఈ లెక్కను గ్లటన్ కాగలడు. పదమూడవ శతాబ్దిలో థామస్ అక్వినాస్ ఈ విభాగమునే గ్రహించి సమర్థించెను. కావున మఠగ్రంథముల యనువాదమున గ్లటనీకి 'అతిభోజనము' అని వ్రాయుట ఐదింట నాల్గుపాళ్ళు విడుచుట. 'జిహ్వాచాపల్యము' కొంత దగ్గఱ.

ఈ ఐదు విధములను చదువునపుడు మన యాయుర్వేదము గుర్తునకు రాకపోదు. అచట సమశనము, అధ్యశనము, విషమాశనము అని మూడు. పథ్యాపథ్యములను కలిపి తినుట మొదటిది. తిన్నది జీర్ణము కాకమునుపే మఱల తినుట రెండవది. అకాలమున, ఎక్కువగానో తక్కువగానో తినుట మూడవది. గ్రెగరీ చెప్పినవానితో ఇవి కొన్నియెడల కలియుచున్నను శిక్ష వేఱు. అక్కడ ఆత్మకు హాని. ఇక్కడ అగ్నికి హాని. వైద్యుని దృష్టితో వాడిన సర్ఫీట్‌కు సమమైనది మనవారి 'అజీర్ణము', 'అధ్యశనము' లలో దొరకును.

ఎక్సెస్ మఱియొక వంశము. 'ఎక్సెడెరె' అనగా ఎల్ల దాటి వెలుపలికి పోవుట. ఎల్ల యున్నచోట దానిని గీచినవాడుండవలెను. 1336లో మూడవ ఎడ్వర్డు కాలపు శాసనము సామాన్యదినములలో భోజనమునకు రెండు వాయిలకు మించి వడ్డింపరాదనియు, కొన్ని పండుగలకు మాత్రము మూడింటి వఱకు సమ్మతమనియు విధించెను. 1533లో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వము చేసిన వస్త్రధారణ శాసనమున ఎక్సెస్ అను పదము దుస్తులపై ప్రయుక్తమైనది. రాజుల బాధ దేహారోగ్యము కాదు, ఆత్మక్షేమమును కాదు; తక్కువవాడు ఎక్కువవానివలె తినుట, తొడుగుట. కావున నీ సందర్భమున 'దుబారా', 'మేర మీఱుట' అనునవి సరిపడును. 'అతి' యను మన యుపసర్గము ఈ పదమునకు చక్కని జోడు. దానికిని తిండితో ప్రత్యేకబంధము లేదు.

వంటశాలవారికి మాత్రము ఈ యధికారులందఱిపైనను కోపమే. బ్రియా సవరేన్ అను ఫ్రెంచి న్యాయాధిపతి 1825లో ప్రకటించిన రుచిశాస్త్ర గ్రంథమున, నిఘంటుకారులు గూర్మాండీజ్ అను పదమును గ్లటనీతోను వొరాసిటీతోను కలగాపులగము చేసిరని నిష్ఠురమాడెను. గూర్మాండీజ్ అనగా రుచి నెఱిగి తినుట యనియు, మితి తప్పినవాడు దానికి శత్రువనియు ఆయన వాదము. ఆయన వాదము ఫ్రెంచిలో కొంత నెగ్గెను. ఆంగ్లమున గూర్మాండ్ అను మాట నేటికిని రెండు పడవలపై కాళ్ళు పెట్టి యున్నది. అందుచే రసజ్ఞుని దెలుపుటకు వారు గూర్మే అను వేఱు మాటను తెచ్చుకొనిరి. అది మొదట మద్యవర్తకుని సేవకునికి పేరు. మనకు 'భోజనప్రియుడు' అను మాట యుండగా ఈ రభస యక్కఱలేదు. ప్రియుడు వేఱు, పోతు వేఱు.

పర్యాయపదముల భేదములను శాస్త్రముగా విచారించుట ఐరోపాలో 1718లో ఫ్రెంచివాడగు జిరార్ గ్రంథముతో ఊపు నందెను. ఆయన ననుసరించి ఇంగ్లండున జాన్ ట్రస్లర్ 1766లోను, హెస్టర్ పియోజీ 1794లోను, జార్జి క్రాబ్ 1816లోను గ్రంథములు రచించిరి. 1852లో పీటర్ మార్క్ రోజే పదకోశము వెలువడెను. రోజే వృత్తిచే వైద్యుడు. అయినను గ్లటనీని ఆయన తన కోశమున చివరి వర్గమందు, నీతి విషయమైన భాగమున, ఉపవాసమునకు తరువాతను త్రాగుబోతుతనమునకు చేరువను ఉంచెను. సటైయిటీ దానికి దూరముగా మనోభావములలో నున్నది. ఆధిక్యమును దెలుపు పదములు మఱియొకచోట నున్నవి. వైద్యుడు కూర్చిన కోశమున సయితము గ్లటనీ పాపముగానే మిగిలినదన్నచో ఆ మాటపై మఠము ముద్ర యెంత గాఢమో తెలియును.

అమరసింహుడు చేసిన పనియు ఇట్టిదే. ఘస్మరుడు, అద్మరుడు, ఆద్యూనుడు, ఔదరికుడు, కుక్షింభరి అను తిండిబోతుల నందఱిని మూడవకాండమునందలి విశేష్యనిఘ్నవర్గమున మనుష్యుల గుణములతో చేర్చెను. సౌహిత్యము, తృప్తి యనువానిని వైశ్యవర్గమున ధాన్యములు, వంటకములు చెప్పినచోట చేర్చెను. ఘస్మరుడు కేవలము తినువాడు. కుక్షింభరి తన పొట్టయే చూచుకొనువాడు. రెండవదానిలో నింద యున్నది, అది యెక్కువ తిన్నందులకు గాదు, ఒంటిగా తిన్నందులకు. ఈ యొక్క నిందకు ఆంగ్లమున సరియైన మాట మాకు దొరకలేదు.

గ్లట్ అను పదమును వర్తకులు లాగుకొనిపోయిరి. కడుపు నిండిన మీదట నింకను కుక్కుట యను యర్థమునుండి, అంగడిలో కొనువారు లేక సరకు పేరుకొనుటకు అది పేరయ్యెను. దేశమంతట అన్ని సరకులును ఒకేసారి అట్లు పేరుకొనవచ్చునా యను వాదము మాల్థస్‌కును రికార్డోకును నడిచినది; మాల్థస్ అర్థశాస్త్రగ్రంథము 1820 నాటిది. ఈ మాల్థస్ ఈస్టిండియా కంపెనీ వారి హైలీబరీ కళాశాలలో 1805 నుండి 1834 వఱకు అధ్యాపకుడు. మన సి.పి. బ్రౌను 1817లో మద్రాసునకు వచ్చుటకు ముందు ఆ కళాశాలలోనే చదివినాడు. తెలుగు పదములకు ఆంగ్లార్థములు వెదకుటలో జీవితమును వెచ్చించిన యాతడు ఈ పదమును ఆ గురువు నోటినుండియే విని యుండునేమో! ఇట్టి గ్లట్‌ను 'సరకు మేటవేయుట' అనుట మేలు. పొట్టను ఇందులోనికి తేనక్కఱలేదు.

తెలుగు బైబిలు అనువాదకులకు ఈ చిక్కు ముందే యెదురైనది. మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయమున గ్లటన్ రావలసినచోట వారు 'తిండిబోతు' అనిరి. అది సరియే; బోతు ప్రత్యయము అలవాటును దెలుపును, త్రాగుబోతునకు జంటగా నిలుచును. లూకా సువార్త ఇరువదియొకటవ అధ్యాయమున గ్రీకు మూలమునందలి 'క్రైపలే' త్రాగినవాని తలభారమును దెలుపు పదము. 1611 నాటి యాంగ్లానువాదకులు దానికి సర్ఫీటింగ్ అనిరి. నాటి వ్యాధ్యర్థమున అది పొసగును. తెలుగువారు 'తిండి' యని మాత్రము వ్రాసిరి. దోషము, రోగము రెండును జాఱిపోయి వట్టి అన్నము మిగిలినది. 'వెక్కసము' అను మాట వారికి తట్టియున్నచో బాగుండెడిది. ఆధిక్యమును, దానిచే పుట్టు రోతను రెండింటిని అది చెప్పును. సర్ఫీట్‌కు ఇంతకన్న దగ్గఱి చుట్టము తెలుగున లేదు. సటైయిటీకి మంచి తలమున 'తనివి', చెడు తలమున 'మొగము మొత్తుట' కలవు. గార్జ్ చేయుటకు 'మెక్కుట' సరిపోవును. గార్జ్ అనగా ఫ్రెంచిలో గొంతే గావున 'గొంతుదాక తినుట' మఱింత సొగసు.

మనకు మాత్రమే యున్న మాట యొకటి కలదు: భుక్తాయాసము. విందు ముగిసిన పిదప అరుగుపై నొరగి 'భుక్తాయాసముగా నున్నది' అనిన యతిథిని తెలుగునాట నెవ్వరును నిందింపరు, ఇల్లాలు సంతోషించును. కొసరి కొసరి వడ్డించిన చేయి దానికి కారణము. తినిన తప్పు తిన్నవానిది కాక పెట్టినవారి మన్నన యగుట యిందలి విశేషము. ఇక్కడి యధికారి మఠగురువు కాడు, వైద్యుడు కాడు, గృహిణి. ఈ మాటను ఆంగ్లీకరింపబూని సర్ఫీట్ అనినచో ఆ యిల్లాలిపై నేరము మోపినట్లగును.

చివరకు నేటి వైద్యుల మాటలు. బింజ్ అనునది ఇంగ్లండు మధ్యసీమల మాండలికము; ఎండిన కొయ్యతొట్టి బీటలు మూసికొనుటకు నీట నాననిచ్చుట దాని యర్థము. 1854లో ఆన్ ఎలిజబెత్ బేకర్ ప్రకటించిన నార్తాంప్టన్ మాండలికకోశమున, సారాయి దుకాణమున తనను తాను నానబెట్టుకొనువానికిని అది వాడబడినది. తొట్టినుండి త్రాగుబోతునకు, వానినుండి తిండికి సాగిన యీ మాటను 1959లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ తన రోగులను వర్ణించుటకు గైకొనెను. 2013లో అమెరికా మానసికవైద్యుల వ్యాధిసూచికలో బింజ్ ఈటింగ్ ప్రత్యేకవ్యాధిగా స్థానము పొందెను. బులీమియా యనునది గ్రీకులో 'ఎద్దు ఆకలి'. భీముని వృకోదరుడనిన మనవారికి ఆ యూహ వింత కాదు. 1979లో జెరాల్డ్ రసెల్ ఈ పేరుతో నొక మనోవ్యాధిని నిరూపించెను. భస్మకరోగము అను మన పాతమాటను దీనికి కొందఱు సూచింపవచ్చును. అది పొసగదు. భస్మకమున దోషము జఠరాగ్నిది; తిన్నదెల్ల బూడిదయగును. రసెల్ చెప్పిన వ్యాధిలో తినుటయు, తిన్నందులకు భయపడి దానిని వెడలించుటయు మనస్సును పట్టిన బాధలు.

ఈ రోగులకు తెలుగున నేమి పేరు పెట్టవలెనను ప్రశ్న వైద్యవిజ్ఞానగ్రంథములు వ్రాయువారికి తప్పదు. 'తిండిబోతు' అనుట కూడదని మా నిశ్చయము. అది వెండోవర్ జానునకు వేసిన మాట, దానిని తొలగించుటకే వైద్యులు క్రొత్తపదము నాశ్రయించిరి. 'అతిభోజనవ్యాధి' నిర్దోషమైనను, గొడవపడి ఆగి ఆగి వచ్చు ఆ యావేశమును చెప్పదు. 'ఆబతిండి' అని కొందఱు వాడదలంతురు. ఆబలో గ్రెగరీ చెప్పిన యైదవ దోషపు నీడ యున్నది. 'భోజనావేగము' అను పదమును మేము ప్రతిపాదించుచున్నాము. వేగమనగా మన వైద్యమున నిలుపరాక పొంగివచ్చు దేహధర్మము. ఆకలికిని, దప్పికకును, కన్నీటికిని గూడ ఆ పేరే. అందు నింద లేదు.